నల్లని ఏరు అనే ఇంటిపేరు

1894 మార్చి నెలలో ఒక వృద్ధుడు వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్ నగరానికి వెళ్లి ఒక వైద్యుని కలుసుకున్నాడు. వెళ్లినవాడు రోగి కాడు. తెల్లని సింహపు జూలు వంటి జుట్టు, నిటారైన విగ్రహం, గంభీరమైన కంఠం. అమెరికా అధ్యక్షులు ఆయన మాటకు చెవి ఒగ్గారు. హైతీ దేశంలో ఆయన అమెరికా ప్రతినిధిగా పనిచేసి వచ్చాడు. తన జీవితకథను మూడు వేర్వేరు గ్రంథాలుగా వ్రాసి లోకానికి చెప్పినవాడు. అటువంటివాడు ఆనాడు బాల్టిమోర్ వెళ్లింది తాను ఎప్పుడు పుట్టాడో తెలుసుకోవడానికి.

ఆ వృద్ధుడు ఫ్రెడరిక్ డగ్లస్. ఆ వైద్యుడు డాక్టర్ టామస్ ఎడ్వర్డ్ సియర్స్. ఆ వైద్యుని తాతగారైన టామస్ ఆల్డ్ ఒకప్పుడు డగ్లస్‌కు యజమాని. యజమాని అంటే జీతమిచ్చే యజమాని అని కాదు. గుర్రాన్నీ, గొడ్డునూ, పొలాన్నీ కలిగి ఉన్నట్లే ఆ మనిషిని కూడా చట్టప్రకారం సొంత ఆస్తిగా కలిగి ఉన్నవాడు. తన పుట్టుకను గురించిన ఆధారం తన బంధువుల ఇంట దొరకదనీ, దొరికితే తనను ఏలిన వారి ఇంటనే దొరకాలనీ ఆయన ఎరుగును. డాక్టర్ సియర్స్ చెప్పిన నాలుగైదు తేదీలను ఆయన తన దినచర్య పుస్తకంలో శ్రద్ధగా వ్రాసుకున్నాడు. అవన్నీ యజమానుల కుటుంబంలోని జనన మరణాలు. ఫలానా దొర పుట్టిన ఏడు, ఫలానా దొర పోయిన ఏడు, ఫలానా దొరబిడ్డ పుట్టిన నెల. వాటిని మేకుల వలె పాతుకుని, వాటి మధ్య తన బాల్యాన్ని తాడు కట్టి కొలుచుకోవాలి. అప్పటికి ఆయనకు డెబ్బై ఆరేళ్లు. ఆ సంగతి కూడా ఆయనకు నిశ్చయంగా తెలియదు.

మన పల్లెల్లో పాతతరం వారిని వయస్సు అడిగితే, పెద్ద గాలివాన వచ్చిన ఏట తప్పటడుగులు వేస్తున్నానని చెప్పేవారు. సంవత్సరం తెలియకపోయినా తిథి, నక్షత్రం తెలిసినవారు ఎందరో ఉండేవారు. తెలియనివారిని సైతం, ఆ ప్రశ్న ఎందుకడిగావని దండించినవారు లేరు. మేరీలాండ్ రాష్ట్రపు తోటల్లో సంగతి వేరు. అక్కడి బానిసలు తమ పుట్టుకను నాట్ల కాలమనీ, కోతల కాలమనీ, చెర్రీపండ్ల కాలమనీ చెప్పుకునేవారు. తోటి తెల్లపిల్లలందరికీ తమ వయస్సు తెలుసు, తనకు మాత్రం తెలియదు. యజమానిని అడుగుదామంటే, బానిస బిడ్డకు అటువంటి ప్రశ్న రావడమే తలబిరుసుతనానికి గుర్తు. చిన్నతనంలోనే తన మనస్సును కలచివేసిన విషయాలలో ఇది ఒకటని డగ్లస్ 1845లో అచ్చయిన తన మొదటి పుస్తకంలో చెప్పుకున్నాడు.

ఆయన పుట్టింది మేరీలాండ్‌లోని టాల్బట్ కౌంటీలో, టకహో అనే ఏటి ఒడ్డున. అమ్మమ్మ బెట్సీ బెయిలీ గుడిసెలో పెరిగాడు. బెట్సీ బానిస. ఆమె భర్త ఐజక్ బెయిలీ మాత్రం స్వేచ్ఛ గలవాడు, రంపపు కోత పనివాడు. చేపల వలలు అల్లడంలో బెట్సీ చేతికి ఆ చుట్టుపక్కల సాటి లేదు. ఆమె చేతి మీదుగా నాటిన చిలగడదుంప తీగ కుళ్లిపోదని ఇరుగు పొరుగు నమ్మకం. ఆమెకు మరొక పని కూడా ఉంది. తన కుమార్తెలు కన్న బిడ్డలను పనికి వచ్చే వయస్సు వరకు పెంచి యజమానికి అప్పగించడం. ఆరేళ్ల వయస్సులో ఫ్రెడరిక్‌కు ఆ వంతు వచ్చింది. అమ్మమ్మ అతనిని వెంటబెట్టుకుని, అలసినప్పుడు భుజాన ఎక్కించుకుని, పన్నెండు మైళ్లు నడిచి లాయిడ్ దొరల పెద్ద తోటకు తీసుకువెళ్లింది. అక్కడ తోటి పిల్లలతో ఆడుకొమ్మని పంపి, వాడు చూడకుండా వెనుదిరిగి వెళ్లిపోయింది. అమ్మమ్మ వెళ్లిపోయిందని ఒక పిల్లవాడు వచ్చి చెప్పేదాకా ఫ్రెడరిక్‌కు తెలియలేదు. నేల మీద పడి ఏడ్చాడు.

తల్లి పేరు హారియట్. ఆమెను పన్నెండు మైళ్ల దూరంలోని మరొక పొలానికి కూలికి ఇచ్చారు. పగలంతా చేనులో పనిచేసి, రాత్రి నడిచి వచ్చి, బిడ్డ పక్కన కాసేపు పడుకుని, తెల్లవారక ముందే తిరిగి నడిచి పోవాలి. సూర్యోదయానికి చేనులో లేకపోతే కొరడా దెబ్బలు. అమ్మ అని గుర్తెరిగి ఆమెను చూసింది నాలుగైదు సార్లకు మించదని కొడుకు లెక్క. చివరిసారి వచ్చినప్పుడు, వంటలక్క తన కొడుకుకు ఆ రోజంతా తిండి పెట్టలేదని తెలిసి, ఆ వంటలక్కను నాలుగు మాటలు దులిపి, హృదయాకారంలో చేసిన అల్లపు రొట్టె ఒకటి బిడ్డ చేతిలో పెట్టింది. ఆ తరువాత కొద్దికాలానికే ఆమె చనిపోయింది. కడసారి చూపుకు గాని, పాతిపెట్టేటప్పుడు గాని కొడుకును ఎవరూ పంపలేదు. తండ్రి ఎవరో తెల్లవాడని మాత్రం అందరూ అనుకునేవారు. యజమానియే తండ్రి అన్న గుసగుస కూడా అతని చెవిన పడింది. అది ఈనాటికీ తేలలేదు.

తల్లికి పటం లేదు. ఆ కాలంలో బానిస స్త్రీకి పటం తీసేది ఎవరు? తరువాతి కాలంలో డగ్లస్ ప్రిచర్డ్ అనే ఆంగ్ల పండితుడు వ్రాసిన మానవజాతుల చరిత్రను తిరగవేస్తుండగా 157వ పుటలో ఒక బొమ్మ కనిపించింది. అది ఈజిప్టు ఫారో చక్రవర్తి శిరస్సు. ఆ ముఖంలో తన తల్లి పోలికలు ఉన్నాయని ఆయనకు తోచింది. అందరూ తమ పోయినవారి పటాలను ఎలా చూసుకుంటారో తాను ఆ పుటను అలా చూసుకుంటూ ఉంటానని 1855లో వచ్చిన తన రెండవ పుస్తకంలో చెప్పాడు. వేల ఏళ్ల నాటి రాజు బొమ్మలో పొలం కూలి చేసిన తల్లిని చూసుకున్న ఆ కొడుకును తలచుకుంటే, వంశవృక్షాల పరిశోధన ఉబుసుపోకకు చేసే వ్యాపకమని ఎవరూ అనలేరు.

ఆమె కొడుకుకు పెట్టిన పేరు చాలా పెద్దది. ఫ్రెడరిక్ ఆగస్టస్ వాషింగ్టన్ బెయిలీ. నడిమి రెండు పేర్లను అతడు మేరీలాండ్‌లో ఉండగానే వదిలేసుకున్నాడు. ఫ్రెడరిక్ బెయిలీగానే బాల్టిమోర్‌లోని హ్యూ ఆల్డ్ ఇంట పెరిగాడు. ఆ ఇంటి ఇల్లాలు సోఫియా వద్ద అక్షరాలు దిద్దుకున్నాడు. భర్త ఆ చదువును మాన్పించగా, వీధిలో తెల్లపిల్లలకు రొట్టెముక్కలు పెట్టి మిగిలిన చదువు నేర్చుకున్నాడు. ఓడల పనివాడయ్యాడు. 1838 సెప్టెంబరు 3న నావికుని దుస్తులు వేసుకుని, స్వేచ్ఛ గల ఒక నల్లజాతి నావికుని గుర్తింపు కాగితం జేబులో పెట్టుకుని రైలెక్కాడు. ఆ కాగితంలోని ఆనవాళ్లకూ అతనికీ పోలిక లేదు. రైలులో టిక్కెట్లు చూసే ఉద్యోగి పరీక్షగా చూడలేదు. మరునాటికి అతడు న్యూయార్కు నగరంలో ఉన్నాడు.

పేర్ల కథ ఇక్కడ మొదలవుతుంది. బాల్టిమోర్‌లో బయలుదేరినప్పుడు అతని పేరు స్టాన్లీ. న్యూయార్కు చేరగానే జాన్సన్. అతని కోసం తన పరుపును కూడా అమ్మి దారిబత్తెం సమకూర్చిన యువతి ఆనా మర్రే వెనుకనే వచ్చింది. సెప్టెంబరు 15న వారికి వివాహం జరిగింది. పెళ్లి కాగితంలో వరుని పేరు ఫ్రెడరిక్ జాన్సన్ అనే ఉంది. ఆ దంపతులు మాసచూసెట్స్ రాష్ట్రంలో తిమింగలాల వేటకు పేరుపడిన న్యూ బెడ్‌ఫర్డ్ రేవుకు చేరారు. బండి కిరాయి చెల్లించలేక సామాను బండివాని దగ్గరే తాకట్టు పడింది. వారికి ఆశ్రయమిచ్చిన నల్లజాతి గృహస్థుడు నేథన్ జాన్సన్ రెండు డాలర్లు అప్పిచ్చి సామాను విడిపించాడు.

మరునాడు ఉదయం ఫలహారం దగ్గర, ఏ పేరుతో పిలవాలన్న ప్రశ్న వచ్చింది. న్యూ బెడ్‌ఫర్డ్‌లో జాన్సన్‌లు కోకొల్లలు, ఒకరి నుంచి ఒకరిని వేరుచేసి చెప్పడమే కష్టమవుతోంది. ఆతిథ్యమిచ్చినవాడు కూడా జాన్సనే కదా. కొత్త పేరు ఎంచిపెట్టే గౌరవాన్ని అతిథి ఆయనకే ఇచ్చాడు, ఒక్క షరతు మీద. ఫ్రెడరిక్ అన్న పేరు మాత్రం తీసివేయరాదు. తాను ఎవరన్నది తనకు గుర్తుండాలంటే ఆ ఒక్కటీ మిగలాలి. నేథన్ జాన్సన్ అప్పుడే సర్ వాల్టర్ స్కాట్ 1810లో వ్రాసిన ‘ది లేడీ ఆఫ్ ది లేక్’ అనే కావ్యం చదువుతున్నాడు. అందులో రాజాగ్రహానికి గురై ప్రవాసంలో తలదాచుకునే వీరుడు డగ్లస్. ఆ పేరు పెట్టుకొమ్మన్నాడు. యువకుడు అంగీకరించి, స్కాట్ వ్రాసిన వర్ణక్రమానికి చివర మరొక ‘స’కారం చేర్చుకున్నాడు. ఒక పారిపోయిన బానిసకు, ఒక నల్లజాతి గృహస్థుడు, తాను చదువుతున్న కావ్యం నుంచి ఒక స్కాట్లండ్ దొర పేరు ఏరి ఇచ్చిన ఆ ఉదయం ఇద్దరూ దానిని పెద్ద విషయంగా భావించి ఉండరు. పట్టుబడకుండా పని దొరకడమే ఆనాటి అవసరం.

ఆ పేరుకు అర్థమేమిటో చూడవలసి ఉంది. మన ఇంటిపేర్లలో అధికభాగం ఊళ్ల పేర్లే. డగ్లస్ కూడా అటువంటిదే. స్కాట్లండ్ దక్షిణభాగంలో, క్లైడ్ నదిలో కలిసే ఒక ఉపనది పేరు అది. ఆ ప్రాంతపు గేలిక్ భాషలో ‘దువ్’ అంటే నలుపు, ‘గ్లస్’ అంటే ఏరు. నల్లని ఏరు ఒడ్డున ఉన్న ఊరికి ఆ పేరు వచ్చింది, ఆ ఊరిని ఏలిన దొరలకు ఊరి పేరే ఇంటిపేరయింది. వారిలో రాబర్ట్ బ్రూస్ రాజుకు కుడిభుజంగా యుద్ధాలు చేసి 1330లో మరణించిన సర్ జేమ్స్‌ను చరిత్రలో ‘నల్ల డగ్లస్’ అనే పిలుస్తారు. నేథన్ జాన్సన్‌కు ఈ శబ్దవ్యుత్పత్తి తెలిసి ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు. అయినా టకహో ఏటి ఒడ్డున పుట్టిన నల్లజాతి బిడ్డకు నల్లని ఏరు అన్న అర్థం గల పేరు దొరకడం విచిత్రమే.

వదిలిపెట్టిన బెయిలీ అన్న పేరు సంగతి మరింత చిక్కైనది. ఇంగ్లండులో ఆ ఇంటిపేరు పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. భూస్వామి తరఫున పొలాలూ పనివాళ్లనూ అజమాయిషీ చేసే ఉద్యోగిని ఆ మాటతో పిలిచేవారు. ఫ్రెడరిక్ మొదటి యజమాని ఆరన్ ఆంథనీ చేసిన ఉద్యోగం సరిగా అదే. లాయిడ్ దొరల తోటలకు ఆయన పెత్తందారు. అయితే ఈ బానిస కుటుంబానికి ఆ పేరు ఇంగ్లండు నుంచి వచ్చిందనడం అంత సులభం కాదు. టాల్బట్ కౌంటీలో రిచర్డ్ స్కిన్నర్ అనే భూస్వామి పోయినప్పుడు, 1746లో తయారైన ఆస్తుల జాబితాలో గొడ్డూ గోదా, కుర్చీలూ బల్లల మధ్య కొందరు బానిసల పేర్లున్నాయి. వారిలో ‘బేలీ’ ఒకడు, 1701 ప్రాంతంలో పుట్టినవాడు. అదే జాబితాలో జెన్నీ అనే పసిపిల్ల ఉంది. ఈ జెన్నీయే 1774లో బెట్సీని కన్న తల్లి. బేలీ అన్న వ్యక్తి పేరే తరతరాల నోళ్లలో నలిగి బెయిలీ అన్న ఇంటిపేరుగా మారిందా? లేక స్వేచ్ఛ గల ఐజక్ తెచ్చిన పేరా? ఆఫ్రికాలోని ముస్లిములలో వ్యాపించిన బిలాలి అన్న పేరుకు ఇది వికృతి కావచ్చునని ఊహించినవారూ ఉన్నారు. ఊహ అందంగానే ఉన్నది గాని, ఊహగానే ఉంచడం మేలు.

కాశీ, గయ, హరిద్వారాల్లో పండాల వద్ద ఉండే పాత బహీలను చూసినవారికి ఈ సందర్భంలో ఒక భేదం స్ఫురిస్తుంది. అక్కడి పుటల్లో తాత పేరు, ముత్తాత పేరు, వారు వచ్చిన ఊరి పేరు గౌరవంతో వ్రాసి ఉంటాయి. పిండప్రదానం కోసం వచ్చిన మనుమడు వాటిని చదివించుకుని కళ్లకద్దుకుంటాడు. అమెరికాలో నల్లజాతివారి తాతముత్తాతల పేర్లు దొరికేది ఆస్తి పంపకాల పత్రాలలో, అప్పు తాకట్టు దస్తావేజులలో, పారిపోయిన వారిని పట్టి ఇచ్చినవారికి బహుమానం ప్రకటించిన పత్రికలలో. 1850, 1860 సంవత్సరాల జనాభా లెక్కలలో బానిసల కోసం వేరే పట్టీలు వేశారు. వాటిలో యజమాని పేరు ఉంటుంది. ఆ పేరు కింద బానిస వయస్సు, స్త్రీ పురుష భేదం, ఒంటి రంగు, అంతే. స్వేచ్ఛ వచ్చాక 1870లో జరిగిన లెక్కలలోనే లక్షలాది మంది మొట్టమొదటిసారి పేరుతో సహా కనిపించారు. అందువల్ల నేడు తమ పూర్వులను వెదికే నల్లజాతి కుటుంబాలు 1870 దాకా సాఫీగా వెళ్లి అక్కడ గోడకు తగిలినట్లు ఆగిపోతాయి.

ఆ గోడలో ఒక కిటికీ ఉంది. దానితో డగ్లస్‌కూ సంబంధం ఉంది. విముక్తులైన బానిసల పొదుపు కోసం 1865లో అమెరికా ప్రభుత్వ చట్టం ద్వారా ఒక బ్యాంకు ఏర్పడింది. ఖాతా తెరిచేవారిని గుర్తు పట్టడానికి గుమాస్తాలు పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలు, కొన్ని చోట్ల పాత యజమాని పేరు సైతం అడిగి వ్రాసుకున్నారు. 1874 మార్చిలో డగ్లస్‌ను ఆ బ్యాంకుకు అధ్యక్షునిగా చేశారు. అప్పటికే లోపల అంతా గుల్ల. ఆ సంగతి తెలియక తన సొంత డబ్బు పదివేల డాలర్లు కూడా అప్పుగా ఇచ్చాడు. జూన్ నెలాఖరుకు బ్యాంకు మూతపడింది. అరవై వేలకు పైగా పేదల సొమ్ము చిక్కుపడిపోయింది. డగ్లస్ జీవితంలో అది మాయని మచ్చ, ఆయన స్వయంగా ఎంతో నొచ్చుకున్న ఘట్టం. సొమ్ము పోయింది గాని చిట్టాలు నిలిచాయి. వాటిని సూచిక తయారుచేసే పని యూటా రాష్ట్రపు కారాగారంలోని ఖైదీలు స్వచ్ఛందంగా చేపట్టి, పదకొండేళ్లు శ్రమించారు. 2001లో ఆ సూచిక వెలువడింది. సుమారు 4,80,000 పేర్లు. తన తల్లి పేరు పక్కన ఒక తేదీ కోసం జీవితమంతా వెదికిన మనిషి మూడు నెలల పాటు అటువంటి పేర్ల పుట్టకు అధిపతిగా కూర్చున్నాడు.

అయితే పారిపోయి వచ్చిన కొత్తలో పేరు దొరకడమే కాదు, పేరు దాచుకోవడం కూడా అవసరమైంది. 1841 నుంచి డగ్లస్ బానిసత్వానికి వ్యతిరేకంగా సభలలో మాట్లాడసాగాడు. ఎంత చక్కగా మాట్లాడేవాడంటే, ఇతడు ఎన్నడూ బానిసగా ఉండి ఉండడని ప్రజలు అనుమానించారు. ఆ అనుమానం తీర్చడానికి 1845లో తన పుస్తకంలో ఊళ్ల పేర్లు, యజమానుల పేర్లు, తన అసలు పేరు అన్నీ బయటపెట్టాడు. పట్టుకుపోతారన్న భయం వల్ల వెంటనే బ్రిటన్ ప్రయాణం కట్టవలసి వచ్చింది. ఇంతలో డెలవేర్ రాష్ట్రపు పత్రికలో ఏ.సి.సి. టామ్సన్ అనే ఆయన, ఆ పుస్తకమంతా అబద్ధమని ఖండిస్తూ ఉత్తరం వ్రాశాడు. ఫ్రెడరిక్ బెయిలీ అనే బానిసను తాను ఎరుగుదుననీ, ఆ చదువురాని కుర్రవాడు ఇటువంటి పుస్తకం వ్రాయలేడనీ ఆయన వాదం. డగ్లస్ విదేశం నుంచే ఆయనకు కృతజ్ఞతలు చెప్పాడు. తాను మేరీలాండ్ బానిసనని నిరూపించడానికి ఇంతకాలం లేని సాక్షి దొరికాడు! ఖండించబోయినవాడే జన్మపత్రిక వ్రాసి ఇచ్చినట్లయింది.

1846 ఆరంభంలో ఆయన స్కాట్లండ్‌లో ఉన్నాడు. తన కొత్త ఇంటిపేరు పుట్టిన దేశం అది. అక్కడి కొండల నడుమ పూర్వం నల్ల డగ్లస్ శత్రువులను ఎదిరించిన సంగతిని మిత్రునికి వ్రాసిన ఉత్తరంలో సంతోషంగా తలచుకున్నాడు. ఆ ఏడే న్యూకాసిల్ పట్టణపు రిచర్డ్‌సన్ కుటుంబ స్త్రీలు చందాలు పోగుచేసి ఆయన స్వేచ్ఛను కొన్నారు. ఆల్డ్ సోదరులకు ముట్టింది 150 పౌన్లు, ఆనాటి అమెరికా నాణెంలో 711 డాలర్ల 66 సెంట్లు. మనిషిని కొనడం అంటే ఆ దుర్మార్గపు చట్టాన్ని ఒప్పుకోవడమేనని ఆయన మిత్రులు కొందరు తప్పుపట్టారు. అది న్యాయమైన ఆక్షేపణే. కాని నలుగురు బిడ్డల తండ్రి భార్యాపిల్లలున్న దేశానికి తిరిగిరావాలి.

1846 డిసెంబరులో హ్యూ ఆల్డ్ సంతకం చేసిన ఆ విడుదల పత్రం చదవదగినది. ఫ్రెడరిక్ బెయిలీ, మరొక విధంగా డగ్లస్ అని పిలవబడువాడు, వయస్సు ఇరవై ఎనిమిది లేదా ఆ ప్రాంతం అని అందులో ఉన్నది. రెండు పేర్లూ ఒకే వాక్యంలో కలిసి కూర్చున్న దస్తావేజు అది. వయస్సు కూడా, తరువాత తేలినదాని ప్రకారం, సరిగ్గానే పడింది. దానిని తన రెండవ పుస్తకంలో అచ్చు వేయించుకుని కూడా డగ్లస్ ఆ అంకెను నమ్మలేదు. చిన్నప్పుడు తన యజమాని కూతురు లుక్రీషియా చెప్పిన మాట ఆయన మనస్సులో గట్టిగా నాటుకుని ఉంది. తనను బాల్టిమోర్ పంపేటప్పుడు, వీడికి ఎనిమిది నిండి తొమ్మిది నడుస్తున్నదని ఆమె అన్నది. అది 1825 వసంతకాలమని ఆయన జ్ఞాపకం. ఆ లెక్కన తాను 1817లో, లేదా అంతకు ముందు పుట్టి ఉండాలి.

స్వేచ్ఛ వచ్చిన తరువాత పేరు తానే పెట్టుకున్నది డగ్లస్ ఒక్కడే కాదు. వెస్ట్ వర్జీనియాలో ఒక కుర్రవాడు బడిలో చేరిన రోజున పంతులు హాజరు పిలుస్తూ ఉండగా, అందరికీ రెండేసి పేర్లున్నాయనీ తనకు ఒక్క బుకర్ అన్న పేరే ఉన్నదనీ గ్రహించి, వంతు వచ్చేలోగా వాషింగ్టన్ అని తగిలించుకున్నాడు. ఆయనే తరువాత టస్కీగీ విద్యాసంస్థను నిర్మించిన బుకర్ టి. వాషింగ్టన్. విధి విలాసం చూడండి, డగ్లస్ మునిమనుమడు ఆ వాషింగ్టన్ మనుమరాలిని పెళ్లాడాడు. ఒకటి కావ్యం నుంచి, ఒకటి బడి హాజరుపట్టీ దగ్గర పుట్టిన రెండు ఇంటిపేర్లు ఒక కుటుంబంలో కలిశాయి.

1877లో డగ్లస్‌ను వాషింగ్టన్ నగరానికి మార్షల్‌గా నియమించారు. ఆ జూన్ నెలలో ఆయన నలభై ఏళ్ల తరువాత మొదటిసారి టాల్బట్ కౌంటీలోని సెయింట్ మైకేల్స్ పట్టణానికి వెళ్లాడు. టామస్ ఆల్డ్ మంచం పట్టి ఉన్నాడు, చేతులు వణుకుతున్నాయి. పాత బానిసను ‘మార్షల్ డగ్లస్’ అని సంబోధించాడు. మీకు నేను మార్షల్‌ను కాను, ఎప్పటి ఫ్రెడరిక్‌నే అన్నాడు వచ్చినవాడు. కాసేపు ఇద్దరికీ గొంతు పెగలలేదు. ఆల్డ్ ఏడ్చాడు. తాను పారిపోవడాన్ని గురించి ఏమనుకున్నారని డగ్లస్ అడిగితే, నీ స్థానంలో నేనున్నా అదే చేసేవాడినని ముసలివాడు జవాబిచ్చాడు. డగ్లస్ కూడా ఒక తప్పు ఒప్పుకున్నాడు. అమ్మమ్మను ముసలితనంలో ఆల్డ్ అడవిపాలు చేశాడని తాను పూర్వం వ్రాసింది నిజం కాదు, ఆమెను ఆల్డ్ తన ఇంటికి తెప్పించి చూసుకున్నాడు. ఇంత మాట్లాడాక డగ్లస్ లేవబోతూ, నేను ఎప్పుడు పుట్టానని అడిగాడు. 1818 ఫిబ్రవరి అని ఆల్డ్ చెప్పాడు. తాను అనుకున్నదానికి ఒక ఏడు తక్కువ.

ఈ పరామర్శ వల్ల నల్లజాతి పత్రికలలో కొందరు డగ్లస్‌ను నిందించారు. వారి కోపాన్ని అర్థం చేసుకోవచ్చు. కాని మంచం పక్కన జరిగిన మరొక సంభాషణ కూడా ఉంది. ఆల్డ్ కుమార్తె అమండా బాల్టిమోర్‌లో మరణశయ్యపై ఉండి డగ్లస్‌ను పిలిపించింది. ఆమె తల్లి లుక్రీషియా, ఈమె పసికందుగా ఉండగానే కన్నుమూసింది. పరలోకంలో తల్లిని కలుసుకుంటానని అమండా నమ్మకం. కాని అమ్మ ఎలా ఉండేదో ఆమెకు తెలియదు, చూసి గుర్తుపట్టడం ఎలా? అమ్మను చూసినవారిలో ఈ పాత బానిస ఒకడు. తన బిడ్డలలో ఎవరికైనా అమ్మ పోలిక వచ్చిందా అని ఆమె అడిగింది. గదిలో ఒక మూల నిలుచున్న అమ్మాయిని డగ్లస్ చూపించాడు. రూపురేఖలన్నీ అవే అన్నాడు. ఆ పిల్లకు తల్లి పేరే పెట్టుకున్నానని అమండా చెప్పింది. ఇంత జరిగిన గదిలో ఆయనకు తన తల్లి జ్ఞాపకం రాకుండా ఉంటుందా? ఈ ఘట్టాన్ని తన మూడవ పుస్తకంలో వ్రాసుకున్నాడు గాని, ఆ మాట మాత్రం ఎక్కడా అనలేదు.

1878 నవంబరులో మళ్లీ టాల్బట్ కౌంటీ వెళ్లినప్పుడు ఆయన టకహో ఏటి ఒడ్డున అమ్మమ్మ గుడిసె ఉన్న చోటు వెదికాడు. గుడిసె ఎప్పుడో పోయింది. ఒక దేవదారు చెట్టు ఆనవాలు పట్టుకుని, ఇదే చోటని నిశ్చయించుకుని, ఆ నేల మట్టిని పిడికిళ్లతో ఎత్తుకుని వాషింగ్టన్‌లోని తన ఇంటికి తెచ్చుకున్నాడు.

తేదీ మాత్రం తెగలేదు. డాక్టర్ సియర్స్ చెప్పిన సంగతులతో 1894లో మరొక్కసారి లెక్కలు వేసుకున్నా, బాల్టిమోర్ చేరింది 1825లోనే అన్న పాత నిర్ణయానికే వచ్చాడు. 1895 ఫిబ్రవరి 20న, ఒక స్త్రీల మహాసభకు వెళ్లి వచ్చిన సాయంత్రం, ఇంటి నడవలో కుప్పకూలి మరణించాడు. తల్లి ఇచ్చిన హృదయాకారపు రొట్టె జ్ఞాపకంగా ఫిబ్రవరి 14ను ఆయన పుట్టినరోజుగా భావించేవారు. 1926లో చరిత్రకారుడు కార్టర్ ఉడ్‌సన్ నల్లజాతి చరిత్ర వారోత్సవాన్ని ప్రారంభించినప్పుడు, ఫిబ్రవరి 12న వచ్చే లింకన్ జయంతినీ ఈ 14వ తేదీనీ కలుపుకునే ఆ వారాన్ని నిర్ణయించాడు.

ఇంతకాలమూ ఆరన్ ఆంథనీ చిట్టా పుస్తకం ఒకటి ఉండనే ఉంది. తోటల పెత్తందారు గనుక ఆయన లెక్కలు వ్రాసే మనిషి. ఎవరికి ఎంత ధాన్యం, ఎవరికి ఎంత గుడ్డ అన్న లెక్కలతో పాటు తన బానిస స్త్రీలకు పుట్టిన బిడ్డలను కూడా, ఆస్తి పెరిగిన లెక్కగా, అందులో వ్రాసుకున్నాడు. ఆ చిట్టా ఆయన వంశీకుల చేతుల మీదుగా అనాపోలిస్‌లోని మేరీలాండ్ ప్రభుత్వ దస్తావేజుల భాండాగారానికి చేరింది. డిక్సన్ ప్రెస్టన్ అనే పత్రికా రచయిత ఆ చిట్టాలనూ ఆస్తి జాబితాలనూ ఒక్కొక్కటే విప్పి చూసి, 1980లో డగ్లస్ బాల్యాన్ని గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. 1701 నాటి బేలీ దాకా వెళ్లిన వంశక్రమం ఆయన పరిశోధన ఫలితమే. బాల్టిమోర్ ప్రయాణం జరిగింది 1825లో కాదు, 1826 మార్చిలో అని ఆయన తేల్చాడు. అంటే ఎనిమిది నిండి తొమ్మిది నడుస్తున్నదన్న లుక్రీషియా మాట అక్షరాలా నిజం. పొరపాటు పడింది వయస్సులో కాదు, ప్రయాణం చేసిన సంవత్సరంలో. విడుదల పత్రంలోని ఇరవై ఎనిమిదీ నిజమే. మంచం మీది ముసలి ఆల్డ్ మాటా నిజమే.

ఆంథనీ చేతివ్రాతలో ఆ పద్దు ఒక్క పంక్తి. హారియట్ కొడుకు ఫ్రెడరిక్ ఆగస్టస్, 1818 ఫిబ్రవరి. ఇంటిపేరు వ్రాయలేదు. తేదీ వేయలేదు.